బ్లెస్సీ తొలి పంట

ఆదివారం పొద్దుగాల బస్సు దిగిన బ్లెస్సీ ఇంటికి పోలే, సీదా పొలానికే పోయింది. అవ్వ మొఖం కంటే ముందు వరిదుబ్బు మొఖం చూసే బిడ్డ హుజూరాబాద్ చుట్టుపక్కల గీమె ఒక్కతే ఉండొచ్చు.

ఆమె వరి పరిశోధన కేంద్రంల సైంటిస్టు. ఆకు తెంపుడు, నూరుడు, అండ్లకెళ్లి డీఎన్ఏ తీసి తనకు కావాల్సిన జన్యువు ఉన్నదా లేదా చూసుడు, గిదే పని. గిదంతా ఉల్లికోడు మీది పగ. ఆ పురుగు పిలకలకు సొచ్చిందంటే కంకి రాదు, ఉల్లికాడ లెక్క గొట్టం వస్తది. బాపు తోమాసు పండించే సన్నవడ్ల బువ్వ కమ్మగుంటది గానీ, ఉల్లికోడు ముందట నిలువది. అందుకే ఆ సన్నాన్ని మొండి రకంతోని కలిపి, పిల్ల మొక్కల్ని ఏటేటా పరీక్ష చేస్తుండె. తట్టుకునే జన్యువులు రెండు కావాలె. ఒకటి ఉంటే ఇంకోటి ఉండకపోయేది.

ఈ యేడు బాపు పొలంల నాటిన వాటిల ఒక్కదాంట్ల రెండూ దొరికినయి. ల్యాబుల రెండు గీతలు కనబడంగనే గంతేసిందట! ఉరికొచ్చి దుబ్బుకు ఎర్రదారం కట్టి, “బాపూ, గిది పైలం. నా కష్టమంతా గీ దుబ్బే” అని చెప్పి పోయింది. చుట్టూ ఉన్నయన్ని గొట్టాలైనా అదొక్కటి నిండుగ కంకులేసింది. రేపు కోసుకపోదామని వచ్చింది.

వస్తే ఏమున్నది? దుబ్బు లేదు. మొదలుకంట కోసిన మోడున్నది. పొలం ఎండగట్టిండ్రు, మళ్ల చిగురిస్తదన్న ఆశ గూడ లేదు. బ్లెస్సీ వంగి మోడును తడిమి చూసింది. అంత పైలంగ కొడవలి పెట్టేది బాపే.

అప్పుడు యాదికొచ్చింది, ఇయ్యాల చర్చిల కోత పండుగ. తొలి పంట దేవునికి పెట్టే రోజు. బాపు మీద కోపం నెత్తికెక్కింది. అందరి ముందట్నే గుంజుకుంట అనుకుంట చర్చికి ఉరికింది.

గుమ్మంల కాలు పెట్టిందో లేదో, ఎబినేజర్ పాస్టరయ్య ఎర్రదారం కట్టిన కంకుల కట్టను పైకి లేపి, “తోమాసు బిడ్డ బ్లెస్సీ తన తొలి పంట దేవునికి ఇస్తున్నది” అన్నడు. ముందు వరుసల బాపు మెడ తిప్పి, బిడ్డను చూసి పండ్లన్ని కనబడంగ నవ్విండు. ఇగ ఏం గుంజుకుంటది? ఆడోళ్ల దిక్కు చాప మీద కూలబడ్డది.

ఆరాధన అయినంక చెట్టు కింద బాపును పట్టుకున్నది. “ఎందుకు కోసినవ్ బాపూ?”

“నీ తొలి పంట గాదా బిడ్డా! తోమాసు బిడ్డ ఆకులు తెంపుకపోవుడే, పంట తీసేదెన్నడు అని మంది నవ్వుతుండ్రి. తీసిందని సూపెట్టిన.”

ఆమె చదువును పంట అన్న మనిషి ఇంతకుముందు ఒక్కరు లేరు. కోపం ఏడ పోయిందో తెల్వదు, కండ్లు మాత్రం నిండినయి.

గానీ కంకులు ఇంకా చేతికి రాలే. పెట్టినవన్ని వేలం వేసుడు ఆ చర్చి ఆనవాయితీ. గుమ్మడికాయలు పోయినయి, కోళ్లు పోయినయి, కట్ట వంతు వచ్చింది. బ్లెస్సీ పాడింది. పక్క పొలం సాయవ్వ ఇంకింత పెంచింది. మళ్ల బ్లెస్సీ, మళ్ల సాయవ్వ. ఈ యేడు ఆ ముసలామె మడి మొత్తం ఉల్లికోడు పాలైంది.

“నీకెందుకు పెద్దమ్మా గింత పట్టు?” అన్నది బ్లెస్సీ.

“రోజూ ఒడ్డు మీదికెళ్లి చూస్తలేనా? మాయదారి పురుగు అన్నిటిని తిన్నా గిదొక్కటే నిలిచింది. విత్తనం పోసుకుంట.”

ఇంకా పరీక్షలున్నయి, ఇప్పుడే రైతుకియ్యొద్దు, అవన్ని నోటిదాకా వచ్చినయి. బ్లెస్సీ మింగేసింది, పాట ఆపింది. కట్ట సాయవ్వ ఒడిల పడ్డది.

“సగం కంకులు నాకియ్యి పెద్దమ్మా. తతిమ్మా సగం నీ మడిల ఓ మూలకు పోసుకో. అన్ని మొక్కలు నిలుస్తయని మాట మాత్రం ఇయ్యలేను. ఉల్లికోడు వస్తే నాకు చెప్పు.”

సాయవ్వ దారం విప్పుకుంట అడిగింది. “రాకుంటేనో?”

“రాకుంటే ఇంకా ముందుగాల చెప్పు. గా ఒక్క మాట కోసమే గిన్నేండ్ల సంది ఆకులు తెంపుతున్న.”