భుజాలు చూసి రాసేవాణ్ణి

పద్దెనిమిదేళ్ళు టీవీకి కామెడీ స్కిట్లు రాశాను. స్టేజీ మీద కుర్చీలేసుకుని కూర్చునే జడ్జీల నవ్వుని ఏనాడూ లెక్కలోకి తీసుకోలేదు. వాళ్ళు నవ్వడానికే వస్తారు పాపం. నేను లైట్ల దగ్గర నిలబడే పనివాళ్ళ భుజాలు చూసేవాణ్ణి. పొద్దుటి నుంచీ కాళ్ళు పీకుతున్న మనిషి భుజం కదిలిందంటే ఆ డైలాగు ఉంచేవాణ్ణి. కదలకపోతే ఆర్టిస్టు ఎంత బతిమాలినా కొట్టేసేవాణ్ణి.

ఈ చాదస్తం నాకు పొదిలి దగ్గర మా ఊరి మిరప కల్లంలో అబ్బింది. నన్ను పెంచింది అక్కే. ఎండిన ఎర్రకాయల్లోంచి తెల్లబారిన తాలుకాయలు ఏరే ఆడవాళ్ళలో తనూ ఒకతి, నన్నూ వెంట తీసుకుపోయేది. ఘాటుకి అందరూ ముక్కూ నోరూ కలిపి గుడ్డ కట్టుకునేవాళ్ళు. నా మాటలకి నవ్వితే ఘాటు లోపలికి పోయి ఒకటే దగ్గు. "ఒరేయ్, నోరు ముయ్యరా, చస్తన్నాం" అని తిట్టేవాళ్ళు. మూతులు కనపడవు కాబట్టి నా మాట పేలిందో లేదో భుజాల్లోనే చూసుకునేవాణ్ణి. అందరికన్నా ముందు అక్క భుజాలే కదిలేవి.

పోయిన దీపావళికి ఛానెల్ వాళ్ళు పిలిచి, టీ ఇచ్చి, ఇక కొత్త కుర్రాళ్ళతో రాయించుకుంటామన్నారు. "సరేనండి" అన్నాను. ఏడుపు రాలేదు. ముక్కు మీద కోపం ఉన్నవాణ్ణి, అదీ రాలేదు. టీ చల్లారిపోయిందని మాత్రం గుర్తుంది. ఆ తర్వాత నెలలన్నీ అలాగే గడిచాయి, తింటున్నా రుచి తెలియకుండా. అక్కకు చెప్పలేదు. టీవీలో చివర పడే నా పేరు చూపించడానికి ఇరుగుపొరుగునంతా పిలిచి కూర్చోబెట్టే మనిషి. ఆ సంబరం తన దగ్గర్నుంచి లాక్కోవడం నాకు చేతకాలేదు.

మొన్న కాయలు ఎండే రోజుల్లో ఊరెళ్ళాను. ఇప్పుడు అక్కది సొంత కల్లం, అయినా కూలీలతో పాటు కూర్చుని ఏరుతోంది. ఎలా చెప్పాలో తెలియక స్కిట్టు చేశాను. ఉద్యోగం పోయిన రైటరొకడు ఇంట్లో చెప్పలేక, రోజూ బ్యాగు తగిలించుకుని పార్కులో బెంచీ మీద కూర్చుంటాడు. వారం తిరక్కుండానే వాచ్‌మన్ వచ్చి, "రేపట్నుంచి మీరు రావద్దండి, ఈ బెంచీకి కొత్త కుర్రాణ్ణి తీసుకున్నాం" అంటాడు.

భుజాలన్నీ ఊగాయి. దగ్గులు, తిట్లు. అక్క భుజాలు కదల్లేదు, చేతులు మాత్రం ఏరుతూనే ఉన్నాయి.

అందరూ మంచినీళ్ళకు లేచాక గుడ్డ గడ్డం కిందికి లాగింది.

"ఎన్నాళ్ళయిందిరా?"

"దీపావళి నుంచి."

"అనుకున్నాలే. అప్పట్నుంచే ఫోన్లో నన్ను మరీ నవ్విస్తన్నావు."

కుప్పలో చెయ్యి పెట్టి నేనూ ఏరడం మొదలుపెట్టాను. అక్క తన గుడ్డ విప్పి నా మొహానికి కట్టి, చిన్నప్పటిలాగే వెనక ముడి బిగించింది. తర్వాత నా భుజం మీద చెయ్యి వేసి అలాగే ఉంచింది. నా భుజాలు కదులుతున్నాయని అప్పుడే నాకు తెలిసింది.