పట్టకారు చేసిన నడిమి బోర్డు

ఆ రోజు సూపర్‌వైజరు సర్క్యూట్ బోర్డు మీద నోటితో ఊదాడు. అప్పుడే ఏదో నమిలి వచ్చిన నోరు. ఉఫ్ మని ఊది, చొక్కా చేతికి తుడిచి, “ఇదిగో, నిక్షేపంలా ఉంది. నీ చెయ్యే మంచిది కాదు” అన్నాడు. ఉమ్ము తుంపర్లు దాని మీద మెరుస్తూ నాకు కనిపించాయి.

ఆ మాట అన్నది పట్టకారుతో. జడలో ఎప్పుడూ సన్న పట్టకారు గుచ్చుకుని తిరుగుతుంది కనుక షెడ్డులో అందరూ ఆమెను అలాగే పిలుస్తారు. ముప్పై దాటిన మనిషి. నేను అదే షెడ్డులో బోర్డులకు స్టిక్కర్లు అతికించి అట్టపెట్టెల్లో సర్దుతాను. రెండో తరగతి దాటలేదు గానీ, కళ్లు రెండూ పనిచేస్తాయి.

మేం చేసేవి పైబోర్డులు. కింద కంట్రోలర్ బోర్డు ఉంటుంది, చిన్న మెదడనుకోండి. సూదుల్లాంటి కాళ్లతో మాది దాని నెత్తికెక్కి కూర్చుంటుంది. రెండూ కలిసి ఆసుపత్రుల్లో పసికందుల్ని వెచ్చగా ఉంచే పెట్టెల్లోకి పోతాయి. కొన్ని పెట్టెలు ఉన్నట్టుండి చల్లారిపోతున్నాయని బోర్డులు తిరిగొచ్చాయి. వాటిని పరీక్షించే పని పట్టకారుది. ఈ మహానుభావుడు వాటినే ఊది, తుడిచి, మళ్లీ పంపమంటాడు.

“ఊడదీసి చూస్తే బాగానే ఉంటుంది సార్, ఎక్కించాకే చస్తోంది. ఎక్కించి ఉండగా కొలవండి చూద్దాం,” అంది పట్టకారు.

ఆయన మీటరు మొన పట్టుకుని రెండు బోర్డుల సందులో దూర్చబోయాడు. గోరు కూడా పట్టని సందు. రోషమొచ్చి గట్టిగా నొక్కాడు. రెండు కాళ్లు కలిసి ఠప్పుమంది, పొగ లేచింది.

“నా చెయ్యి మంచిది కాదన్నారు. మీది కూడా చూశాం లెండి.”

షెడ్డంతా గొల్లుమంది. నేను మాత్రం నవ్వలేదు. ఉన్న నాలుగు పళ్లూ అలాంటివాడికి చూపించడం దేనికి?

పట్టకారు తండ్రి రేడియోలు బాగుచేసేవాడు. టంకం వాసన పీలుస్తూ ఆయన పక్కనే పెరిగింది. ఇప్పుడు ఉంటున్నది అన్నావదినల ఇంట్లో, వంటింటి పక్క ఇరుకు గదిలో. ఆ గదిలోనే మొదలుపెట్టింది, ఎక్కించి ఉండగానే తప్పు పట్టేందుకు రెంటి మధ్యా దూరే మూడో బోర్డు. ప్రతి కాలి కరెంటు దారీ పక్కకు సాగి బయటికి రావాలి. దారికో దీపం, ఆ దారిని తెంచడానికో మీట.

ఒక ఆదివారం చూడబోతే వదిన గుమ్మంలోనే అందుకుంది. “రా పెద్దమ్మా, మా ఆడపడుచు స్నానాలగదిని ఏం చేసిందో చూద్దువుగాని! కుక్క కక్కినట్టు లేదూ ఆ నేల?”

“బోర్డు మీద అక్కర్లేని రాగి మందునీళ్లలో కరుగుతోంది వదినా, ముట్టుకోకు.”

“నీ మొహం, నేను ముట్టుకోవడం కూడానా! వాసనకే ముక్కూడిపోతోంది.”

నిజం చెప్పాలంటే నాకూ రోత పుట్టింది. పళ్లెంలో మురుగులాంటి నీళ్లు, పట్టకారు వేళ్లకు గోధుమరంగు మరకలు.

అంతా చేసి తెస్తే మొదటి బోర్డు పనికిరాలేదు. కాళ్ల వరస కింది నుంచి చూసి గీసి, పైనుంచి బిగించింది. అద్దంలో బొమ్మలా ఎడమది కుడికి పోయింది. సూపర్‌వైజరు వారం రోజులు ఇకిలిస్తూనే ఉన్నాడు. “తప్పు నాదే సార్,” అని దాన్ని తన బల్ల ఎదుట గోడ మేకుకు తగిలించి, ఇంటికెళ్లి మళ్లీ మొదలుపెట్టింది.

రెండోది కుదిరింది. దాన్ని కంట్రోలర్ మీద ఎక్కించి, తిరిగొచ్చిన బోర్డును పైన కూర్చోబెడితే పన్నెండు దీపాల్లో ఎనిమిదోది మినుకు మినుకుమని ఆరింది. మీటలతో దారులన్నీ ఒక్కొక్కటే తెంచి చూసింది. మిగతా దారులతో పేచీ లేదు. ఎనిమిదో కాలి కింద టంకం సరిగా అంటలేదు. పైబోర్డు బిగిస్తే అది బీటలిచ్చేది, ఊడదీస్తే మళ్లీ కలిసేది. వరసగా చూస్తే మళ్లీ పంపాల్సిన నలభైలో పదకొండు అలాంటివే.

చూపిస్తే సూపర్‌వైజరు చెవిలో వేలు పెట్టి తిప్పుకుని, ఆ వేలు చూసుకుని, “అట్టపెట్టెలు రేపు వెళ్లాలి. ముసలమ్మా, స్టిక్కర్లు కానియ్” అన్నాడు. వాడి తల్లి వయసు నాది. ఆ వేలు చూశాక నాకు మధ్యాహ్నం ముద్ద దిగలేదు. పట్టకారును మర్నాటి నుంచి తీగలు చుట్టే షెడ్డుకు మార్చేశాడు.

సాయంత్రం పట్టకారు నా బల్ల దగ్గరికొచ్చి, కంట్రోలర్‌కు బిగించి గుడ్డలో చుట్టిన నడిమి బోర్డు నా ముందు పెట్టింది.

“నాకెందుకే ఇది? నేనేమన్నా చదువుకున్నదాన్నా?”

“పన్నెండు దాకా లెక్కపెట్టడం వచ్చుగా పెద్దమ్మా.”

“వందదాకా వచ్చు. ఏమనుకున్నావ్ నన్ను?”

“అయితే పెట్టెలో సర్దేముందు ఒక్కో బోర్డూ దీని మీద కూర్చోబెట్టి చూడు. ఒక్క దీపం మినుకుమన్నా స్టిక్కరు అతికించకు. ఆయన మీదపడి అరిచినా సరే, నువ్వు అతికించకు.”