తోలు దూడ, తమ్ముడి చెప్పులు

మా చిన్నప్పుడు... కొల్లేటి వైపు మా ఊళ్ళో ఒక ఎండాకాలం గాలికుంటు రోగం వచ్చి పాడి పశువులు చాలా పోయాయి. మా చుక్కావు బతికింది గానీ దాని దూడ పోయింది. దూడ కోసం పొద్దస్తమానం అరిచేది. పొదుగు నిండుగా ఉన్నా చేపేది కాదు, చెంబులోకి చుక్క పాలు దిగేవి కావు.

ఆవు సంగతి అలా ఉంచండి... మా తమ్ముడు పాలు తాగే పసివాడు. అమ్మేమో విషజ్వరంతో ఏలూరు ఆసుపత్రిలో ఉంది. అవి తెల్లదొరల రోజులు, డబ్బా పాలంటే మా ఊళ్ళో ఎవరికీ తెలియదు. గంజితేట పడితే వాడు కక్కేసేవాడు. మామ్మకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. (నేను చెబుతుంటే మనవరాలు టైపు చేస్తోంది, తొంభై దాటిన నా వేళ్ళకు ఫోను లొంగదు.)

అప్పుడు ముత్తయ్య వచ్చాడు. మా ఇంట్లో అందరి చెప్పులూ, ఎడ్ల మెడపట్టెడలూ ఆయన చేతివే... అయినా పెరటి కంచె దాటి రానిచ్చేవారు కాదు. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

"మీ దూడ తోలు ఒలిచి ఉంచానండి, గడ్డి కూరి తెస్తానండి అమ్మగారూ. పక్కన పెట్టుకుని పితకండి, ఆవు చేపుద్దండి" అన్నాడు.

అన్నట్టే తెచ్చాడు. ఉప్పు రాసి ఆరబెట్టిన తోలు, లోపల ఎండుగడ్డి, నాలుగు కర్ర కాళ్ళు... నాకైతే చూడగానే భయం వేసింది. చుక్కావు మాత్రం ఒకసారి వాసన చూసి నాకడం మొదలుపెట్టింది. పాలు ధారగా దిగాయి. ఆ పూట తమ్ముడు కడుపునిండా తాగి పడుకున్నాడు.

ఇంతలో మా అత్తయ్య ఒక పని చేసింది. ఆవిడ మా నాన్నకు అక్క. ఆ ఏడే ఆవిడ బిడ్డ పురిట్లోనే పోతే, మామ్మ పుట్టింటికి తెచ్చుకుంది. అసలే శుభ్రం పిచ్చి. పసివాడి పాల దగ్గర ఆ కంపేమిటని, తోలు దూడను కుంకుడు రసంతో తోమి ఎండలో పెట్టింది!

ఇంకేముంది... సాయంత్రం ఆవు దాన్ని మూచూసి మొహం తిప్పేసుకుంది. తన దూడ వాసన ఆ తోలుకి లేదు. తమ్ముడి ఏడుపు వీధి దాకా వినిపించింది. పొద్దున కూడా అదే వరస.

అత్తయ్య ముద్ద ముట్టలేదు. ఆ తోలు దూడను ఒళ్ళో పెట్టుకుని ఆవు ముందు కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. కన్నీళ్ళు ఉప్పగా తగిలాయో ఏమో... చుక్కావు మెల్లగా తల వంచి ఆవిడ చెంప నాకింది. తర్వాత చెయ్యి నాకింది. మామ్మ గబగబా చెంబు పట్టుకుని కూర్చుంది. పాలు దిగాయి!

ఆనాటి నుంచి పితికే వేళకు అత్తయ్య అక్కడ కూర్చోవాల్సిందే. ఆవు నాలుక గరుకుకి ముంజేతులు కందిపోయేవి. కొబ్బరినూనె రాసుకుని మళ్ళీ వెళ్ళి కూర్చునేది.

అమ్మ కోలుకుని ఇంటికొచ్చింది. తమ్ముడు అన్నం తినే ఈడుకొచ్చాడు. అత్తయ్య ముత్తయ్యను పిలిపించి తోలు దూడను ఇచ్చింది. ఆయన దాన్ని తంగేడు చెక్క నీళ్ళలో ఊరవేసి, మెత్తగా మలిచి, తమ్ముడికి బుల్లి చెప్పులు కుట్టాడు. వాడు కిర్రు కిర్రుమంటూ తప్పటడుగులతో పశువుల పాకలోకి వెళితే... చుక్కావు వంగి ఆ చెప్పులు నాకింది.

"దూడ వాసన తెలిసిందా అత్తయ్యా?" అని అడిగాను.

"వాసనెక్కడుంటుంది అమ్మలూ... ఆ తోలు దూడ తన దూడ కాదని దానికి ముందు నుంచీ తెలుసు. వీడు నా బిడ్డ కాదని నాకు తెలీదూ?" అంది, వాణ్ణి చంకనెత్తుకుంటూ.

అత్తయ్య పోయినప్పుడు తలకొరివి పెట్టింది మా తమ్ముడే.

ఇప్పుడు పాలు ప్యాకెట్లో వస్తున్నాయి, చెప్పులు అట్టపెట్టెలో వస్తున్నాయి. ఏ ఆవు పాలో, ఎవరి చేతి కుట్టో ఎవరికీ తెలియదు... తోలు దూడను కళ్ళారా చూసినవాళ్ళు మీలో ఇంకా ఉన్నారా? ఉంటే ఒక్క మాట రాయండి, మనవరాలు చదివి వినిపిస్తుంది.