సొన్నమ్మ సర్దిన కాశ్మీరు పెట్టెలు

వైట్‌ఫీల్డు హార్వే దొరసాని కాశ్మీరు ప్రయాణం పెట్టుకుందంటే పక్కూరు కాడుగోడిలో నవ్వనివాళ్లు లేరు. అరవై దాటిన మనిషి, మోకాళ్ల నొప్పులతో నాలుగు మెట్లెక్కితే ఆయాసపడే మనిషి, మంచుకొండల్లో డేరా వేసుకుని దుప్పుల బొమ్మలు గీస్తుందట! ఆమె వంటమనిషి సొన్నమ్మ మాత్రం నవ్వలేదు. ఆ ప్రయాణం వేళకు సాగితే ఆమెకి మొగుడు దొరకవచ్చు. సాగకపోతే ఆమె విధవ అవుతుంది.

మొగుడు ఆవులప్ప వేటకు పోయే దొరల వెంట వంటకి వెళ్లేవాడు. పందొమ్మిది వందల ముప్ఫై ఎనిమిదిలో ఒక దొరతో కాశ్మీరు వెళ్లాడు. దొర తిరిగొచ్చాడు, ఆవులప్ప రాలేదు. మాటా మాటా పెరిగి, జీతం లెక్క తేల్చుకుని అక్కడే ఆగిపోయాడని చెప్పి ఆ దొర చేతులు దులుపుకున్నాడు. ఆర్నెల్లకి ఎవరిచేతనో రాయించిన కార్డు ఒకటి వచ్చింది. ఒళ్లు బాగాలేదు, మంచు కరిగాక బయల్దేరతాను అని. ఆ తరవాత ఏడు ఎండాకాలాలు గడిచాయి. యుద్ధం వచ్చి, అయిపోయింది కూడా. మనిషీ రాలేదు, మాటా రాలేదు.

ఆషాఢంలో ఒకరోజు బావగారు పెద్దమునియప్ప చిక్కపేట నుంచి వచ్చి దొరసాని వంటింటి వాకిట్లో కూర్చున్నాడు. బట్టల మూటలు మోసి మోసి వంగిపోయిన మనిషి. రెండేళ్లలో ఇద్దరు మనవల్ని పురిట్లోనే పోగొట్టుకున్నాడు. కోడలికి మళ్లీ ఆరో నెల.

"సొన్నమ్మా, ఏడేండ్లు నిండిపాయె. వాడు చచ్చి, తర్పణం నీళ్లు లేక మన వాకిట్లోనే నిలబడి ఉండాడని, పుట్టే బిడ్డలకి అదే కీడని జోస్యం చెప్పే ఆయప్ప చెప్పినాడు. మహాలయ అమావాస్యకి దర్భబొమ్మ చేసి కాల్చేస్తాము. నువ్వు అడ్డం చెప్పొద్దు."

"బతికుంటే, బావా?"

"బతికుంటే ఆలోపల రానీ. కాల్చినంక వచ్చినా వాడు మనకి మనిషి కాదు. నేను వాకిలి తీసేది లేదు. కులమోళ్లు తీయనీరు."

పాపం, ఆయన్ని తిట్టడానికి సొన్నమ్మకి నోరు రాలేదు. ఆ ఇద్దరు పసివాళ్లకీ స్నానం చేయించి గుడ్డలో చుట్టింది ఆమే.

ఆ సాయంత్రం కార్డు తెచ్చి దొరసాని ముందు పెట్టింది. దొరసాని భూతద్దం పెట్టి తపాలా ముద్ర చదివింది, పటం పరిచింది, వేలితో వెతికింది. ఆ ఊరు హంగుల్ అనే పెద్ద కొమ్ముల దుప్పులు తిరిగే లోయ మొదట్లోనే ఉంది. చిన్నప్పటినుంచి ఆ దుప్పుల్ని చూడాలని దొరసానికి పిచ్చి. "నా దుప్పులు, నీ మొగుడు, ఇద్దరూ ఒక్క చోటే!" అని చప్పట్లు కొట్టింది.

ఇక ఇల్లంతా ప్రయాణమే. భోజనాల బల్ల మీద పటం పరిచే ఉండేది. మద్రాసు మెయిలు, ఢిల్లీ, రావల్పిండి, అక్కడినుంచి బస్సు, ఆపైన గుర్రాలు. చదువు రాని సొన్నమ్మకి ఆ పేర్లన్నీ నోటికొచ్చేశాయి. డేరాకి చిరుగులు కుట్టింది. రేషను చక్కెర సగం మిగిల్చి డబ్బాలో పోసింది. పాత కంబళ్లు ఎండలో వేసింది. ఆవులప్ప చలికి ఓర్వలేడని ఒక కంబళి వేరుగా మడిచి పెట్టెలో అడుగున పెట్టింది. ఆశ ఎంత పనైనా చేయిస్తుంది.

"ఎప్పుడు బయల్దేరదాం?" అని దొరసాని అడిగింది.

"మీ ఇష్టమమ్మా," అంది సొన్నమ్మ.

ఆ మాటే కొంప ముంచింది. పన్నెండేళ్లుగా ఏది అడిగినా ఆమె చెప్పిన జవాబు అదే. పైగా, బతికున్నాడో లేడో తెలియని మొగుడికి గడ్డిబొమ్మ చేసి కాలుస్తారన్న మాట మన కులం కాని మనిషి ముందు ఎలా అనడం? వానలు తగ్గగానే ఎలాగూ వెళతాం కదా అనుకుని ఊరుకుంది. దొరసాని తన పుస్తకాలు చూసుకుంది. మగ దుప్పులు కిందికి దిగి అరిచేది దసరా రోజుల్లో. అమావాస్య పోయిన పదోనాటికి టిక్కెట్లు కొనేసింది.

ఆ సంగతి తెలిసిన రోజు సొన్నమ్మ నేల మీద కూలబడి అంతా చెప్పేసింది. "ముందే ఎందుకు చెప్పలేదు నువ్వు?" అని దొరసాని అరిచింది. ఆ మోకాళ్లతోనే రెండుసార్లు కంటోన్మెంటు స్టేషనుకి పోయి బతిమాలింది. యుద్ధం నుంచి తిరిగొచ్చే సిపాయిలతో రైళ్లు నిండిపోయాయి. ముందు తేదీకి ఒక్క చోటు కూడా దొరకలేదు.

సొన్నమ్మ చిక్కపేటకి పరుగెత్తింది. "ఒక్క నెల, బావా. పోయి చూసి వచ్చేస్తాను."

"పురుడు ఈ పక్షంలోనే ఉండాది. నీ దొరసాని దుప్పులు అరిచేదాకా నా ఇంట్లో పిల్లలు చావాల్నా?" అన్నాడు పెద్దమునియప్ప. అని, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని తనే ఏడ్చాడు. తమ్ముడు కదా.

అమావాస్యనాడు దర్భబొమ్మకి తెల్లగుడ్డ చుట్టి మోసుకుపోయారు. బొమ్మ పొట్టిగా ఉంది. ఆవులప్ప ఆరడుగుల మనిషి. ఎవరికి చెప్పాలి? సొన్నమ్మ గాజులు పగలగొట్టి బొట్టు తుడిచారు.

తొమ్మిదోనాడు దొరసాని జట్కాలో చిక్కపేట వచ్చింది. ఇరుగుపొరుగు గుంపుగా చేరినా లెక్కచేయలేదు.

"రైలు రేపు. లే, పోదాం."

బావగారింట్లో మూల కూర్చున్న సొన్నమ్మ లేవలేదు. "నేను రానమ్మా."

"వాళ్లు కాల్చింది గడ్డి! నిజం మనిషి అక్కడ బతికి ఉండవచ్చు కదా?"

"అందుకే రానమ్మా. ఇన్నేండ్లు ఆయప్ప బతికుండాలని మొక్కినాను. ఇప్పుడు కనబడితే యాడికి పిల్చుకొచ్చేది? నా మొగం చూసి, ఎవురు సచ్చినారే అని అడిగితే ఏమని చెప్పేది?"

దొరసాని చేయి చాచింది. ఆ చేతిని సొన్నమ్మ రెండు చేతులతో పట్టుకుంది, పన్నెండేళ్లలో మొదటిసారి.

"ఆ ఊర్లో ఎవురినీ అడగొద్దండమ్మా. మీ దుప్పుల్ని చూసుకొని వచ్చేయండి."