వెర్లిన్ తన సమాధికి కంచె కట్టబోయిన పొద్దు

తూర్పు కెంటకీ బొగ్గు కొండల్లో ఎత్తైన చోటు చచ్చినవాళ్లకే ఇస్తారు. బతికున్నవాళ్లు లోయలో వరదకు ఇళ్లు పోగొట్టుకుంటూ ఉంటారు, పోయినవాళ్లు గట్టుమీద పొడిగా పడుకుంటారు. ప్రపంచంలో చాలా కొండల్లో ఇదే వరస. ఊరికే ఒళ్లు జలదరిస్తే, రేపు మన సమాధి కాబోయే నేల మీద ఎవరో నడుస్తున్నారని కూడా ఇక్కడ అంటారు. నవ్వుతూనే అంటారు. వెర్లిన్ స్టిడమ్ మాత్రం ఆ బుధవారం పొద్దున నవ్వలేదు.

గనిలో పైకప్పు కూలి నడుం విరిగింది మొదలు పన్నెండేళ్లుగా రోజుకు నాలుగు నొప్పి మాత్రల మీద నడిచిన మనిషి. అవి రాసిచ్చే డాక్టరు వయసైపోయి ఆసుపత్రి మూసేశాడు. కొత్త డాక్టరమ్మ కాగితాలు తిరగేసి, "ఇవి నేను రాయను" అంది. మారుమాట్లాడితే మత్తుకు మరిగాడనుకుంటుందని వెర్లిన్ టోపీ పెట్టుకుని వచ్చేశాడు. శనివారంతో సీసా ఖాళీ.

ఆదివారం ఆవలింతలు, ముక్కు కారడం. మంగళవారానికి నీళ్ల విరేచనాలు. బుధవారం ఒళ్లంతా ఈకలు పీకిన కోడిలా బొడిపెలు లేచాయి. ఎంతకీ దిగలేదు. ఒకసారి జలదరిస్తే ఎవరో దాటిపోయారనుకోవచ్చు. ఆగకుండా జలదరిస్తుంటే? ఎవరో అక్కడే నిలబడి ఉన్నారన్నమాట.

ముళ్లతీగ చుట్ట, నాలుగు గుంజలు ఈడ్చుకుంటూ, పదడుగులకోసారి కూలబడుతూ, తన సమాధి జాగాలో ఎవరూ నిలబడకుండా కంచె కట్టాలని గట్టుమీదికి ఎక్కాడు. పొగమంచులో తల్లిదండ్రుల సమాధిరాళ్లు సగమే కనిపిస్తున్నాయి. పక్కన తనకని వదిలిన జాగాలో గడ్డి నలిగి ఉంది. వంగి చూశాడు. అడుగులు. నిలువునా కొన్ని, అడ్డంగా కొన్ని, కొలిచినట్టుగా. మడమ గుంటల్లో నీరు ఇంకా ఊరుతోంది.

"ఎవడ్రా అది? నేనింకా చావలేదు, దిగు!" అని మంచులోకి అరిచాడు.

"నేనే," అంది వెనకనుంచి భార్య ఆర్డిత్. ఆమె బూట్లు బురదమయం.

"నీకిక్కడేం పనే?"

"మూడు రోజులుగా వస్తున్నా. నీ పక్కన నాకూ చోటు సరిపోతుందా అని చూసుకుంటున్నా. తిండి ముట్టవు, నోరు విప్పవు. పోతున్నావనుకున్నా."

"నేనూ అదే అనుకున్నా."

"పోయేవాడికి కంచెందుకయ్యా, ఆవులు మేస్తాయనా?"

అతనికి నవ్వు రాబోయి వణుకు వచ్చింది. తాను బతికుండగానే పెళ్లాం కొలతలు తీసేసింది. గని కప్పు విరిగేముందు వినిపించే చిటపట కూడా అతన్ని ఇంతగా భయపెట్టలేదు.

"ఆ డాక్టరమ్మ దగ్గరికే పద," అన్నాడు.

డాక్టరమ్మ అతని చేతిమీద నిక్కిన రోమాలు, పెద్దవైన కంటిపాపలు చూసింది.

"మాత్రలు ఎప్పుడు ఆపారు?"

"శనివారం."

"అన్నీ ఒక్కసారేనా? నాకెందుకు చెప్పలేదు?"

వెర్లిన్ నేల చూశాడు. "మత్తుగాడంటారని."

ఆమె కుర్చీ దగ్గరికి లాక్కుంది. "అడగకుండా పంపేయడం నా తప్పు. పన్నెండేళ్ల మందు ఇలా తెంచేయకూడదు. ఇది చావు కాదు, మందు అందక ఒళ్లు చేసే గోల. ఇదివరకటికన్నా కాస్త తక్కువతో మళ్లీ మొదలుపెడదాం. నెమ్మదిగా తగ్గిద్దాం. ఏడాది పట్టొచ్చు, ఇంకా ఎక్కువే పట్టొచ్చు. కష్టమైతే అక్కడే ఆగుదాం. రెండు వారాలకోసారి రండి. 'బాగానే ఉన్నా'నని మాత్రం అబద్ధమాడొద్దు."

"అలా అనకుండా ఉండటమే ఈయనకు చేతకాదు," అంది ఆర్డిత్.

మందుల షాపు ముందు ట్రక్కులోనే తొలి మాత్ర మింగాడు. చొక్కా చేయి పైకి మడిచాడు. ఇద్దరూ ఆ ముంజేతినే చూస్తూ కూర్చున్నారు. ముప్పావు గంటకు, లోపలినుంచి ఎవరో పట్టు వదిలేస్తున్నట్టు, రోమాలు ఒక్కొక్కటే వాలాయి.

"నీ జాగాలో నిలబడ్డవాళ్లు పోయారా?" అంది ఆర్డిత్ గొంతు తగ్గించి.

"పోతున్నారు. నెమ్మదిగా అందిగా డాక్టరమ్మ," అన్నాడు వెర్లిన్, చేతిమీంచి కళ్లు తీయకుండా.