మూత పట్టని డబ్బా

మా బావమరిది సొంత అక్కను డబ్బాలో కూరి, మూతకు మైనం పూసి, నెల రోజులు బీరువాలో దాచాడు. సరే, అక్కను కాదు, ఆమె గది నేలమట్టిని. పగలంతా ఆ గదిలోనే కుట్టుమిషను ముందుంటుంది కనుక పెద్ద తేడా లేదని నా వాదన.

ఇరవై ఆరేళ్లుగా ప్రయోగశాలలో మట్టి కొలవడమే అతని పని. ఏ నేలలోనైనా పుట్టుకతోనే కాస్త రేడియేషన్ ఉంటుంది. అందులోంచి రాడాన్ అనే వాయువు వస్తుంది. దానికి రంగూ వాసనా ఉండవు. మూసిన గదిలో పేరుకున్నదాన్ని ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. అందుకే మట్టిని ఆరబెట్టి, జల్లించి, డబ్బాలో గాలి చొరకుండా నాలుగు వారాలుంచి, ఆ వాయువు లోపల నిలదొక్కుకున్నాకే యంత్రంలో పెడతారు.

మా ఆవిడ గది వీధికి నాలుగు మెట్లు దిగువన. బట్టల మీద దుమ్ము పడుతుందని పదేళ్లుగా కిటికీ తీయలేదు. తన ప్రయోగశాల వాళ్లు మా వీధిలో కొలతలు మొదలుపెట్టాక, పగిలిన గచ్చు కింద మట్టి తీసుకెళ్లాడు తమ్ముడు.

నెలకు రేడియేషన్ అంకె వచ్చింది. పొరుగిళ్ల అంకెల్లో సగం కూడా లేదు.

"చూశావా! నా గది బంగారం!"

తమ్ముడు నవ్వలేదు.

"ఏంట్రా, నాది బాగుంటే నీకు కడుపుమంటా?"

"కాదక్కా. అటూ ఇటూ ఎక్కువుంటే మధ్యలో నీదొక్కటే ఎలా తగ్గుద్ది?"

మర్నాడు డబ్బా తీసి చూశాడు. మైనంలో వెంట్రుకవాసి చీలిక. వాయువు జారిపోయింది. ప్రతి డబ్బా అంచునూ గోటితో తడిమి చూసే మనిషి, అక్క చిరునామా ఉన్నదాన్ని చూడబుద్ధికాక చటుక్కున బీరువాలోకి తోసేశాడు.

చీలిక ఎవరూ చూడలేదు. కాగితం మీద సంతకం పెడితే అక్క సంతోషిస్తుంది. అతను ఆ అంకె కొట్టేసి, మళ్లీ మైనం పూశాడు. ఆ నాలుగు వారాలూ రోజూ వచ్చి కిటికీ తీసేవాడు, ఆమె మూసేది.

రెండో అంకె వీధి మొత్తానికీ ఎక్కువ.

"గది గాలి కూడా కొలవాలక్కా. అందాకా మిషను పైన పెట్టుకో."

"పదేళ్లు పీల్చాను కదరా. దానికేమంటావ్?"

"ముప్పంటే రోగమొచ్చినట్టు కాదు."

"రాదని చెప్పు మరి."

 అతను మిషనును ఒక్కడే ఎత్తుకుని నాలుగు మెట్లూ ఎక్కాడు. ఆమె వెనకే దారాల డబ్బా పట్టుకుని ఎక్కింది. ఆమె దగ్గితే ఇప్పటికీ మేమిద్దరం మాట ఆపేస్తాం.

ఇదంతా రాసి అతనికి చదివి వినిపించాను. మంచినీళ్ల గ్లాసు అంచును గోటితో తడుముతూ విన్నాడు.

"అన్నీ కోతలే బావా. నా డబ్బా ఎప్పుడూ కారలేదు. అక్క గదిలో నేను మట్టే తీయలేదు."