లైవ్‌లో లేని ముహూర్తం

పాడైపోయిన వీడియో ఫైళ్లను బాగుచేయడం నా పని. సుబేదారిలో మేడమీద ఒక గది, రెండు కంప్యూటర్లు. హన్మకొండ పెళ్లిళ్ల వీడియోవాళ్లందరికీ నా తలుపు తెలుసు. వాళ్లు కొంప ముంచుకుని వస్తారు, నేను నాలుగు తిట్టి, బాగుచేసి పంపిస్తాను. తిట్టకుండా చేసిన పని నాకు గుర్తులేదు.

ఆ రోజు వచ్చినాయన వీడియో మనిషి కాదు, నెక్కొండ దగ్గరి రైతు. పాత లాప్‌టాప్ ఒకటి తువ్వాలలో చుట్టి చంకలో పెట్టుకుని వచ్చాడు. వెనకాల ఆయన కూతురు. రమ్మన్నా లోపలికి రాకుండా గడప దగ్గరే నిలబడింది.

ఆ పిల్లకు పెళ్లై ఏడాది కాలేదు. మొగుడు కాజీపేటలో ఒక కాంట్రాక్టరు దగ్గర పనిచేస్తాడు. పెళ్లైన కొన్నాళ్లకే బండి మీద నుంచి పడి, నడుము విరిగి మంచం పట్టాడు. ఇక అత్తగారు అందుకుంది. జీలకర్ర బెల్లం ముహూర్తానికి పెట్టలేదు, అందుకే నా కొడుక్కు ఈ గతి అని. ముహూర్తం పది నలభై రెండుకు. పెళ్లి లైవ్ లింకు కింద మొదలైన టైం పది యాభై ఎనిమిది అని కనపడుతోంది. ఆమె ఆ లింకును చుట్టాలందరికీ పంపి, కోడలిని పుట్టింట్లో దింపించింది. ముహూర్తానికే పెట్టారని రుజువు చూపిస్తే తీసుకుపోతానంది.

“రెండుసార్లు పెట్టిండ్రు మేడం,” అన్నాడు తండ్రి. “మొదలు టైముకే పెట్టిండ్రు. గప్పుడే హాల్ల కరెంటు పోయింది. ఈ లాప్‌టాప్‌కు బ్యాటరీ లేదు, బందైంది, లైవ్ ఆగింది. కరెంటొచ్చినంక, పాత లింకు పోయిందని కొత్త లింకు పెట్టి, లైవ్ చూసెటోళ్లకు కనవడలేదని మళ్ళ పెట్టిచ్చిండ్రు. గదే అందరు చూస్తాండ్రు. మొదలు పెట్టనే లేదంటాంది ఆమె. చీకట్ల చెయ్యి తలదాక పోలేదంటాంది.”

“మరి మీ అల్లుడేమంటాండు? ఆయన తల మీదనే గదా పెట్టింది, ఆయనకు ఎరుక లేదా?”

“వాళ్లమ్మ ఏదంటే గదే మేడం.”

నడుము కంటే ముందే వెన్నెముక లేని మనిషన్నమాట. ఆ మాట పైకే అందును గానీ, గడప దగ్గర పిల్ల ఉంది.

లైవ్ లేని పెళ్లి ఇప్పుడు లేదు. రానివాళ్ల కోసమని మొదలుపెట్టారు. ఇప్పుడు మంటపం ముందు కుర్చీలో కూర్చున్నవాళ్లు కూడా ఫోన్లోనే చూస్తారు. లైవ్ పెట్టినాయన్ని బతిమాలి, తండ్రి ఆ లాప్‌టాప్ తెచ్చాడు. లైవ్ పోతున్నంతసేపూ అందులో రికార్డింగు కూడా అవుతుంది. కరెంటు పోయే ముందటి ఫైలు ఉంది, కానీ ఏ ప్లేయరూ దాన్ని తెరవడం లేదు.

వీడియో ఫైలంటే ఒక డబ్బా. బొమ్మా, మాటా చిన్న చిన్న ముక్కలుగా అందులో పడుతుంటాయి. ప్రతి ముక్క నెత్తిన టైమ్‌కోడ్ ఉంటుంది, రికార్డింగు మొదలై ఎంతసేపటికి ఆ ముక్క వచ్చిందో చెప్పే అంకె. ఏ నిమిషం డబ్బాలో ఎక్కడుందో చెప్పే ఇండెక్స్ మాత్రం రికార్డింగు ఆపినప్పుడే రాస్తారు. నడిమధ్యలో కరెంటు పోతే అది రాసేవాడు లేడు. ఈ ఫైలుకు ఇండెక్స్ లేకపోవడమే కాదు, బొమ్మను ఏ తీరుగా చదవాలో చెప్పే తల భాగం కూడా సున్నాలైపోయింది.

నేను రాసుకున్న కోడ్ ఇలాంటి ఫైలును బైటు బైటుగా చదువుకుంటూ పోతుంది. ముక్క మొదలయ్యే గుర్తు కనపడితే ఆగి, పక్కనున్న టైమ్‌కోడ్ తీసుకుంటుంది. అంకెలు వరసగా పెరుగుతూ పోవాలి. ఎక్కడైనా ఉన్నట్టుండి వెనక్కి పోతే అది దొంగ గుర్తు, పారేయాలి. అలా ఏరిన అంకెలతో కొత్త ఇండెక్స్ కట్టాను. కరెంటొచ్చాక అదే లాప్‌టాప్‌లో తీసిన రెండో ఫైలు బాగానే ఉంది కాబట్టి, దాని తల తెచ్చి దీనికి అతికించాను. మొదలైన టైం ఫైలు పేరులోనే ఉంది. దానికి ముక్క అంకె కలిపితే గడియారం టైం వస్తుంది.

వీడియో ఆడింది. అడ్డుతెర, పంతులు, బాజాలు అన్నీ ఉన్నాయి, చేతులు పైకి లేచేదాకా. అక్కడ ఆగిపోయింది. సగంలో తెగిన ఆఖరి ముక్కను నా కోడే పారేస్తోంది. పూర్తికాని ముక్కను నమ్మొద్దని ఒకప్పుడు నేనే రాశాను. నన్ను నేను తిట్టుకుని, దొరికినంతవరకు ఉంచమని మార్చాను. ఇంకొన్ని బొమ్మలు వచ్చాయి. ఆ పిల్ల చెయ్యి వాడి నెత్తి మీద, వాడి చెయ్యి ఆమె నెత్తి మీద. దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. టైం పది నలభై రెండు దాటి కొన్ని సెకన్లు. ఒంటరి గదిలో చప్పట్లు కొట్టాను. నాకు అంత సంతోషం కలిగి చాలా కాలమైంది.

ఫోన్లో పంపితే అత్తగారు నమ్మనంది. కంప్యూటర్లోనే చూస్తానని వచ్చింది. నా కుర్చీలో తనే కూర్చుంది. తండ్రీ కూతుళ్లు గోడకు ఆనుకుని నిలబడ్డారు. నేను వీడియో వేసి, టైం ఎలా వచ్చిందో ఓపిగ్గా చెప్పాను. ఆమె చివరి బొమ్మను చాలాసేపు చూసింది.

“పడ్డది,” అంది. “టైముకే పడ్డది.”

తండ్రి రెండు చేతులూ జోడించాడు. “నేను చెప్పలేదా అక్కా.”

“మరి ముహూర్తానికి పెట్టినదాన్ని తీసి, ముహూర్తం దాటినంక మళ్ళ ఎందుకు పెట్టింది నీ బిడ్డ?” అంది ఆమె. “పెట్టనే లేదంటే, పాపం ఆలస్యమైందనుకుందుము. మంచిగ పడ్డదాన్ని తుడిచేసి పెట్టుడేంది? గదే నా కొడుకును మంచంల పడేసింది.”

మళ్లీ పెట్టమన్నది ఎవరో చూద్దామనుకున్నాను. రెండో ఫైలు తెరిచాను. లైవ్ మొదలవ్వక ముందే అందులో రికార్డింగు మొదలైంది. ఆమె గొంతు స్పష్టంగా వినపడింది: “మా అక్కకు ఫోన్ల కనవడలేదంట, మళ్ళ పెట్టుమనుండ్రి.”

“నేనంటే అన్న గాని,” అంది, కళ్లార్పకుండా. “పెట్టిన చెయ్యి ఎవరిది?”

“మీ కొడుకు కూడా పెట్టిండు గదా,” అన్నాను.

“వాడు మంచంల పడి అనుభవిస్తాండు మేడం. ఈమెకేమైంది?”

కోడలిని ఒకసారి కింది నుంచి మీది దాకా చూసి, ఆ వీడియో తనకు కూడా పంపమంది. పెద్దమనుషుల్లో చూపిస్తుందట. పంపనన్నాను. అక్కర్లేదు, మీరంతా చూసిండ్రు గదా, సాక్ష్యం చాలు అని మెట్లు దిగి వెళ్లిపోయింది. ఆ టైం వెలికితీసింది నేను. ఇన్నాళ్లూ లైవ్ లింకు తప్ప ఏమీ లేని మనిషికి, ఎవరూ కాదనలేని రుజువు తయారుచేసి ఇచ్చాను.

రెండో ఫైలు ఇంకా ఆడుతూనే ఉంది. అత్తగారి మాట అయిపోయాక కాసేపు గొడవ. తర్వాత మైకు పక్కనే ఇంకో గొంతు, మగ గొంతు: “పెట్టు బిడ్డా, అత్తమ్మ చెప్పినట్టు చెయ్యి.” నేను చటుక్కున ఆపాను.

తండ్రికి ఏమీ వినపడినట్టు లేదు. తెరకేసి కాదు, కూతురికేసి చూస్తున్నాడు. ఇంతవరకు ఆ మొహంలో లేని కోపం ఇప్పుడు వచ్చింది.

“ఎవరో పెట్టుమంటే నువ్వెందుకు పెట్టినవే?” అన్నాడు. “నీకు బుద్ధి లేదా?”

ఆ పిల్ల నావైపు చూసింది. ఆ గొంతు ఎవరిదో మా ఇద్దరికీ తెలుసు. ఆయన మొహాన కొట్టినట్టు మళ్లీ వేసి వినిపిద్దామని మౌస్ మీద చెయ్యి వేశాను. ఆమె వద్దన్నట్టు తల ఊపింది.

“తప్పైంది బాపు,” అంది.